డాబా మీద త్సుకిమి: జపాను వారి పున్నమి వేడుకను బెజవాడలో జరుపుకునే పద్ధతి

వినాయక చవితి నాడు చంద్రుణ్ని చూస్తే నీలాపనిందలు తప్పవని, కథ చెప్పుకుని అక్షింతలు నెత్తిన వేసుకునేదాకా తల పైకెత్తడానికి జంకుతాం. అదే పక్షంలో మరో పదకొండు రోజులకు ఆ చంద్రుడే నిండుగా తూర్పున లేస్తాడు. ఆ పౌర్ణమికి మన వైపు పెద్ద పండుగేమీ లేదు. మర్నాటి నుంచి మహాలయ పక్షం మొదలవుతుందన్న లెక్కే ఎక్కువ మందికి గుర్తుంటుంది. జపాను వారికి మాత్రం ఏడాది మొత్తంలో చూడదగిన చంద్రుడు ఆ రాత్రి చంద్రుడే. ఆ వేడుకను వారు త్సుకిమి అంటారు. త్సుకి అంటే చంద్రుడు, మి అంటే చూడటం. పేరులో ఉన్నంతే పని. నాలుగేళ్ళుగా మా అపార్ట్‌మెంట్ డాబా మీద ఈ వేడుక చేస్తున్నాము. దీనికి కావలసిన సరంజామా దాదాపు అంతా కృష్ణ ఒడ్డునే దొరుకుతుందన్న సంగతి మొదటి ఏడాది తెలియక చాలా వెతుకులాడాను. ఆ శ్రమ మీకు తప్పించడానికే ఈ వివరాలు రాస్తున్నాను.

మొదట తేదీ తేల్చుకోవాలి. పాత చాంద్రమాన పంచాంగం ప్రకారం ఎనిమిదో నెల పదిహేనో రాత్రిని జపాను వారు జూగోయా అంటారు. 1873లో వారు గ్రెగోరియన్ క్యాలెండరుకు మారిపోయినా ఈ వేడుకను మాత్రం చంద్రుడి లెక్కకే వదిలేశారు, కాబట్టి ఏటా తేదీ మారుతుంది. 2026లో అది సెప్టెంబరు 25, శుక్రవారం. 2027లో సెప్టెంబరు 15. చాలా ఏళ్ళు ఇది మన భాద్రపద పౌర్ణమికే వస్తుంది గాని, వారి అధిక మాసమూ మన అధిక మాసమూ వేర్వేరు చోట్ల పడిన ఏడాది ఆశ్వయుజ పౌర్ణమికి జరుగుతుంది. 2025లో అలాగే అక్టోబరు 6న వచ్చింది. ఇంకో చిన్న తిరకాసు కూడా ఉంది. వారు లెక్కపెట్టేది పదిహేనో రాత్రిని, పూర్ణబింబం ఏర్పడే ఘడియను కాదు. అందువల్ల ఒకటి రెండు రోజుల తేడా మామూలే. 2026లో నిండు పున్నమి ఘడియ మనకు సెప్టెంబరు 26 రాత్రి వస్తుంది. క్యాలెండరులో పౌర్ణమి అని అచ్చైన రోజునే చేసుకున్నా తప్పు పట్టేవారెవరూ ఉండరు. నేనైతే జపాను తేదీనే పాటిస్తాను, ఎందుకంటే ఆ రోజు మబ్బు పడితే మరుసటి రోజు చేతిలో ఉంటుంది.

ఈ ఆచారం చైనా నుంచి వచ్చింది. తాంగ్ వంశపు కాలం నాటి అక్కడి శరత్పున్నమి ఉత్సవాన్ని తొమ్మిదో శతాబ్దంలో క్యోటో రాజదర్బారు వారు అందిపుచ్చుకుని, చెరువులో పడవలెక్కి, సంగీతం వింటూ, కవితలు అల్లుతూ గడిపేవారు. చంద్రుణ్ని నేరుగా తేరిపార చూడటం కన్నా, నీటిలోనో, చేతిలోని సాకే అనే బియ్యపు మద్యం గిన్నెలోనో పడిన ప్రతిబింబాన్ని చూడటం వారికి ఇష్టంగా ఉండేదట. సాగా చక్రవర్తి విడిది భవనం 876లో దైకాకుజీ ఆలయంగా మారింది. దాని పక్కనున్న ఓసావా చెరువులో ఇప్పటికీ ఈ పున్నమికి డ్రాగన్ తల ఉన్న పడవలు తిప్పుతారు. విజయదశమి సాయంత్రం కృష్ణలో దుర్గమ్మ హంసవాహనం కదలడం చూసిన వారికి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టమేమీ కాదు. జపాను చరిత్రలో ఎదో యుగం అనే కాలం (1603–1868) నాటికి ఈ వేడుక సామాన్యుల ఇళ్ళలోకి దిగి, పంట చేతికొస్తున్నందుకు కృతజ్ఞతగా నైవేద్యాలు పెట్టే ఆచారంగా స్థిరపడింది. మనం చేయబోయేది ఈ ఇంటి వేడుకనే.

ఇక చోటు. కృష్ణ ఒడ్డుకే వెళ్ళాలని అందరికీ అనిపిస్తుంది. సీతానగరం వైపు నుంచి చూస్తే సెప్టెంబరు చివరి పున్నమి చంద్రుడు దాదాపు నిట్టతూర్పున, నదికి అవతల కృష్ణలంక ఇళ్ళ మీదుగా లేస్తాడు, నీళ్ళ మీద వెలుగు బాట పరుచుకుంటుంది. కాని ఆ రోజుల్లో ఎగువ నుంచి వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తి ఉండే అవకాశం ఎక్కువ, ఘాట్ల మెట్లు మునిగి ఉంటాయి, పిల్లలతో రాత్రి పూట వెళ్ళదగిన చోటు కాదు. బ్యారేజీ మీద వాహనాల నడుమ నిలబడి చంద్రుణ్ని చూడటం మరీ ప్రమాదం. జపాను ఇళ్ళలో త్సుకిమి జరిగేది ఎంగావా మీద, అంటే గదికీ తోటకూ మధ్యనుండే చెక్క వసారా మీద. మన పాత ఇళ్ళ అరుగుకు అది దగ్గరి చుట్టం. అరుగులు పోయాక మనకు మిగిలింది డాబా. తూర్పు వైపు ఎత్తైన భవనం అడ్డు లేకుండా ఉంటే చాలు. అడ్డు ఉంటే ఒక గంట ఆలస్యంగా మొదలుపెట్టండి. డాబా మీది లైట్లు ఆర్పించడం, తాళం ఎన్నింటికి వేస్తారో వాచ్‌మన్‌ను ముందే అడగడం మరవవద్దు. మొదటి ఏడాది రాత్రి తొమ్మిదింటికి మమ్మల్ని పైనే ఉంచి తలుపు వేసేశారు. ఫోన్ చేసి తీయించుకునేసరికి అరగంట పట్టింది. చంద్రుణ్ని నిజంగా తీరిగ్గా చూసింది ఆ అరగంటలోనే అని ఒప్పుకోవాలి.

అన్నిటిలోకీ ఎక్కువ శ్రద్ధ అడిగేది దంగో. దంగో అంటే బియ్యప్పిండితో చేసిన తెల్లటి ఉండ. మన ఉండ్రాయికి వరసకు తమ్ముడవుతుంది. కాని ఉండ్రాళ్ళకు బియ్యపు రవ్వ వాడతాం, దీనికి మెత్తటి పిండి కావాలి. తేడా వచ్చేది బియ్యం దగ్గరే. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే మనందరం బీపీటీ 5204 అని పిలుచుకునే రకం, అన్నం పొడిపొడిగా రావాలని కోరుకునే వారి బియ్యం. జపాను బియ్యంలో అమైలోజ్ అనే పిండి పదార్థం తక్కువ కాబట్టి వారి ఉండ సాగుతుంది, చల్లారినా మెత్తగా ఉంటుంది. మన ఉండ చల్లారేసరికి గట్టిపడి పగుళ్ళు తీస్తుంది. దుకాణంలో కొన్న పొడి బియ్యప్పిండితో నేను మొదటిసారి చేసిన పదిహేనింటిలో నాలుగు పీటకెక్కేలోపే నెర్రెలు విచ్చాయి. దీనికి విరుగుడు మన వంటింట్లోనే ఉంది: అరిసెలకు చేసినట్టు తడిపిండి కొట్టించుకోవడం. బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచి, గుడ్డ మీద పావుగంట ఆరనిచ్చి, చేతికి తడి తగులుతుండగానే మిక్సీలో వేసి సన్న జల్లెడ పట్టాలి. బంక బియ్యపు పిండి ఎక్కడైనా దొరికితే మూడో వంతు కలపండి, మరింత సాగుతుంది. దొరక్కపోతే దిగులు పడవద్దు.

పదిహేను ఉండలకు 200 గ్రాముల పిండి సరిపోతుంది. పిండిని వెడల్పాటి బేసిన్‌లో పోసి, సలసల మరిగే నీళ్ళను కొద్దికొద్దిగా పోస్తూ ముందు గరిటెతో, వేడి తట్టుకోగలిగాక చేత్తో కలపాలి. పొడి పిండికైతే 180 మిల్లీలీటర్ల దాకా నీళ్ళు పడతాయి, తడిపిండి అంతకన్నా చాలా తక్కువ తాగుతుంది. కాబట్టి కొలతను కాక చేతిని నమ్మండి. పిండి ఎంత మెత్తగా ఉండాలో చెప్పడానికి జపాను వంటవారు ఒక కొలమానం వాడతారు: చెవి తమ్మెను రెండు వేళ్ళతో నొక్కి చూసుకోమంటారు. ఒక చేత్తో పిండి, ఒక చేత్తో చెవి పట్టుకుని మా అమ్మాయి వంటింట్లో నిలబడితే నవ్వొచ్చింది గాని, ఇంతకన్నా సరైన కొలత నాకూ దొరకలేదు. పిండిని అయిదారు నిమిషాలు గట్టిగా మర్దించి, పెద్ద ఉసిరికాయంత ఉండలుగా చుట్టి, అరచేతుల మధ్య పగుళ్ళు మాయమయ్యేదాకా తిప్పాలి. జపాను వారు చాలామంది వీటిని మరిగే నీళ్ళలో వేసి, పైకి తేలాక రెండు మూడు నిమిషాలు ఉంచి, చన్నీళ్ళలోకి తీస్తారు. మన బియ్యప్పిండికి ఆ పద్ధతి అంత కుదరదు, ఉండ చుట్టూ జావ కడుతుంది. ఇడ్లీ పాత్రలో తడిగుడ్డ పరిచి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఆవిరి పట్టండి. దించిన వెంటనే విసనకర్రతో విసరాలి. అప్పుడు పైన సన్నటి మెరుపు వస్తుంది. జపానులోనూ ఇందుకు విసనకర్రే వాడతారు.

ఇక్కడ ఒక ఇబ్బంది చెప్పక తప్పదు. ఉప్పూ పసుపూ లేని తెల్లటి బియ్యపు ఉండలను, అదీ మహాలయ పక్షం ముంగిట, పళ్ళెంలో వరసగా పేర్చి పెడితే ఇంట్లో పెద్దవాళ్ళ మొహం మారుతుంది. మా అత్తగారు ఒక్కసారి చూసి, "ఇవేమిటమ్మా, పిండాల్లా పెట్టావు?" అన్నారు. ఆవిడ మాటకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు. తరవాత తెలిసింది, జపాను వారికీ సరిగ్గా ఇదే పట్టింపు ఉందని. చనిపోయినవారి తల దగ్గర పెట్టేవి గుండ్రటి తెల్లటి ఉండలే కావడంతో, త్సుకిమి ఉండలను చాలామంది పైన బొటనవేలితో కాస్త నొక్కి చదును చేస్తారు. పేర్పులోనూ జాగ్రత్త ఉంది: అడుగున తొమ్మిది, వాటి మీద నాలుగు, పైన రెండు. ఆ పై రెండింటినీ ఎదుట నిలబడి చూసేవారికి ఒకటే కనబడేలా ముందూ వెనకగా పెట్టాలి, పక్కపక్కన పెట్టడం అపరకర్మల పద్ధతి. ఈ సంగతి చెప్పాక మా అత్తగారే కూర్చుని ఒక్కొక్క ఉండనూ నొక్కిపెట్టారు. మీ ఇంట్లోనూ ఎవరైనా అభ్యంతరం చెబితే బలవంతం చేయకండి. ఉండల్లో కొన్నిటికి చిటికెడు పసుపు కలపడం వల్ల నష్టం లేదు, అక్కడా కొందరు గుమ్మడి గుజ్జుతో పచ్చటి ఉండలు చేస్తారు. క్యోటో, ఒసాకా ప్రాంతాల వారి దంగో అసలు గుండ్రంగానే ఉండదు. కోలగా చేసి నడుముకు ఎర్రచిక్కుడు పూర్ణం చుడతారు.

ఆ కోల రూపం చేమదుంపది. జూగోయాకు చేమదుంపల చంద్రుడనే పేరు కూడా ఉంది, కొత్త దుంపలు తవ్వే కాలం కనుక. దంగో రాకముందు నైవేద్యం దుంపలదే. రైతుబజారుకు వెళ్ళి చిన్న చేమదుంపలు అరకిలో తెచ్చి, మట్టి పోయేలా కడిగి, తొక్కతోనే ఆవిరి మీద ఉడికించండి. తినేటప్పుడు ఒక చివర తొక్క కోసి నొక్కితే దుంప జారి బయటికి వస్తుంది, దానికి ఉప్పు అద్దుకుంటారు. దీన్ని వారు కినుకత్సుగి అంటారు. ఉప్పు బదులు గుంటూరు కారం అద్దుకునే స్వేచ్ఛ మనకుంది, మా ఇంట్లో ఆ స్వేచ్ఛను అందరూ వాడుకుంటారు.

దంగో, దుంపలు కాక మూడోది సుసుకి అనే గడ్డి. వరి కంకులు ఇంకా కోతకు రాని రోజులు కాబట్టి, కంకిలా వంగే ఈ గడ్డిని వాటి బదులు నిలబెట్టారని చెబుతారు. బోలుగా ఉండే దాని కాడలో దేవత వచ్చి నిలుస్తుందనీ, ఆకు అంచు కోసుకుపోయేంత పదునుగా ఉంటుంది కాబట్టి చెడును రానివ్వదనీ నమ్మకం. మనకు సుసుకి లేదు, రెల్లు ఉంది. శరత్తు వచ్చిందనడానికి రెల్లు పూలే గుర్తని మన కవులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. కరకట్ట వెంబడి, లంకల అంచుల్లో సెప్టెంబరు చివరికి తొలి పూలు విచ్చుకుంటాయి. పూర్తిగా తెల్లబడిన వాటిని కాక, ఇంకా వెండి రంగులో నిగనిగలాడుతూ సగం ముడుచుకున్న కంకులను ఎంచుకోండి. చేతికి గుడ్డ చుట్టుకుని కొడవలితో కోయాలి, లేకపోతే రెల్లాకు వేళ్ళను చీరేస్తుంది. అయిదో పదిహేనో కాడలు చాలు. నీళ్ళు పోసిన మట్టి కూజాలో కాస్త వదులుగా నిలబెట్టండి. బొకేలా బిగించి కట్టవద్దు.

అమర్చడం క్షణంలో పని. దంగోను సంబో అనే రంగు వేయని చెక్క పీఠం మీద పెట్టడం అక్కడి పద్ధతి. మనకు పీట ఉంది. పీట మీద తెల్ల కాగితం పరిచి, చంద్రుడికి ఎదురుగా దంగో, దుంపలు, రెల్లు కూజా. అంతే. ముగ్గు, పూలదండలు, కొబ్బరికాయ, రంగు బల్బుల తోరణం చేర్చాలని చేతులు దురద పెడతాయి. వద్దు. ఖాళీ చోటు ఎంత వదిలితే అంత బాగుంటుంది. ఒక్కటి మాత్రం చేర్చమంటాను: ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు. చందమామ కావాలని మారాం చేసిన రాముడికి అద్దంలో చూపి సముదాయించారన్న కథ తెలిసిన ఇళ్ళ వాళ్ళం, నీటిలో చంద్రుణ్ని చూడటం ఎలాగో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. గాలి లేని చోట గోడ వారగా కాక, డాబా మధ్యలో పెట్టండి. చంద్రుడు కాస్త పైకి వచ్చాక పళ్ళెం దగ్గర కూర్చున్న పిల్లవాడికి కూడా కనిపిస్తాడు.

చంద్రుడు లేచిన మొదటి గంట రెండు గంటల్లో కుందేలును వెతకాలి. శశాంకుడు అన్న మాట తెలిసినా, ఆ కుందేలు ఎక్కడుందో చూపించమంటే చాలామందిమి తడబడతాం. ఉదయిస్తున్న బింబంలో పై వైపుకు చాచినట్టున్న రెండు నల్లటి మచ్చలు చెవులు, వాటి కింద గుండ్రటి మచ్చ తల, ఆ కింద పరుచుకున్న పెద్ద నలుపు ఒళ్ళు. మన అక్షాంశంలో చంద్రోదయ వేళ కుందేలు చెవులు నిక్కించి నిటారుగా ఉంటుంది, తెల్లవారుజామున పడమట దిగేటప్పుడు తలకిందులవుతుంది. ఆకలితో వచ్చిన అతిథికి పెట్టడానికి ఏమీ లేక తనే నిప్పులో దూకిన కుందేలును ఇంద్రుడు చంద్రుడి మీద చిత్రించిన జాతక కథ బౌద్ధంతో పాటు ప్రయాణించి జపాను చేరింది. చైనా వారి కుందేలు రోట్లో మందు నూరుతుంది. జపాను వారిది మోచి అనే బియ్యపు ముద్దను దంచుతుంది. పున్నమి చంద్రుడికి వారి భాషలో ఉన్న మోచిజుకి అన్న మాట, మోచి దంచడం అన్న మాటకు దగ్గరగా వినిపించడమే దానికి కారణమంటారు.

చూడటం అయ్యాక నైవేద్యం దించి తింటారు. చప్పటి దంగోకు జపానులో వేయించిన సోయా పొడి, లేదా సోయా సాస్‌తో చేసిన తియ్యటి పాకం తోడు. పుట్నాల పప్పులో పంచదార వేసి కొట్టిన పొడి మొదటిదానికి చాలా దగ్గర. ముదురు బెల్లం పాకంలో రెండు చుక్కల సోయా సాస్ వేస్తే రెండోది అవుతుంది. ఎవరైనా పిల్లలు అడక్కుండా ఒక ఉండ కొట్టేస్తే కోప్పడవద్దు. పక్కింటి పిల్లలు నైవేద్యపు దంగోను దొంగిలించడం అక్కడ చాలా పల్లెల్లో శుభమే, చంద్రుడే వచ్చి తిన్నట్టు లెక్క. ఇవాళ్టి జపానులో గుడ్డు పచ్చసొనను చంద్రుడిగా భావించి నూడిల్స్ మీద వేసుకుంటారు. మెక్‌డొనాల్డ్స్ 1991 నుంచి అక్కడ ఏటా గుడ్డు పెట్టిన త్సుకిమి బర్గర్ అమ్ముతోంది. అది మనకు అవసరమని నేననుకోను.

బెజవాడలో అసలు సమస్య మబ్బు. సెప్టెంబరు మనకు వానల నెల. 2024లో ఆ నెల మొదట్లో బుడమేరు పొంగి సగం ఊరు నీట మునిగింది. 17న జూగోయా వచ్చేసరికి చాలా ఇళ్ళలో బురద కడగడమే ముగియలేదు. ఆ రాత్రి మేము దంగో చేయలేదు, కొద్దిసేపు డాబా మీద కూర్చుని దిగివచ్చాము. మబ్బు పట్టిన త్సుకిమిని జపాను వారు రద్దు చేసుకోరు. చంద్రుడు కనిపించని ఆ పున్నమికి ముగెత్సు అనీ, వాన పడితే ఉగెత్సు అనీ పేర్లు పెట్టి, మబ్బు వెనక వెలుగునే చూస్తూ కూర్చుంటారు. కాబట్టి పీటను వరండాలోకి జరుపుకోండి గాని వంట ఆపవద్దు.

పైగా చంద్రుడు రోజూ ముప్పావు గంట అటూ ఇటూగా ఆలస్యమవుతూ ఇంకా కొన్ని రాత్రులు వస్తాడు. ఆ ఆలస్యానికీ వారి దగ్గర పేర్లున్నాయి. పదహారో రాత్రి వాడు ఇజయోయి, జంకుతూ వచ్చేవాడు. పదిహేడో రాత్రి వాడి కోసం నిలబడి ఎదురుచూస్తారు, పద్దెనిమిదో రాత్రి కూర్చుని, పంతొమ్మిదో రాత్రి పడుకుని. పద్దెనిమిదో రాత్రి అంటే మన బహుళ తదియ. భాద్రపదంలో ఉండ్రాళ్ళ తద్ది, ఆశ్వయుజంలో అట్లతద్ది ఆ తిథినే వస్తాయి. ఉపవాసం ఉన్న ఆడపిల్లలు డాబా మెట్ల మీద కూర్చుని, చంద్రుడు ఇంకా రాలేదేమని తూర్పు వైపు చూసే రాత్రిని జపాను వారు కూర్చుని ఎదురుచూసే చంద్రుడని పిలుస్తున్నారన్నమాట. పంతొమ్మిదో రాత్రి సంకష్టహర చతుర్థి. పున్నమికి వాన పడితే నేను మిగిలిన పిండిని దాచి తదియకే పీట వేస్తాను. ఇంట్లో ఎలాగూ ఉండ్రాళ్ళు అవుతుంటాయి.

పదిహేనో రాత్రి చూసిన వారు తరువాతి నెల పదమూడో రాత్రినీ చూడాలి. జూసాన్యా అనే ఈ రెండో వేడుక చైనాలో లేదు, జపానులోనే పుట్టింది. ఒకటి చూసి రెండోది వదిలేయడాన్ని ఒంటి చూపుగా భావించి మంచిది కాదంటారు. 2026లో ఇది అక్టోబరు 23న, దసరా సందడి సద్దుమణిగిన మూడు రోజులకు వస్తుంది. అప్పుడు ఉండలు పదమూడు, తొమ్మిది మీద నాలుగు. దుంపల బదులు చెస్ట్‌నట్ కాయలు, సోయా కాయలు పెడతారు. ఉడికించిన వేరుశనగ కాయలు నాకు ఆ రెండింటి పనీ చేసిపెడతాయి. ఆకాశం కూడా సెప్టెంబరు కన్నా తేటగా ఉండవచ్చు, అప్పుడప్పుడు తుపాను వచ్చినా. కొంచెం తరుగు ఉన్న ఆ చంద్రుడే అందమని వాదించే వారున్నారు. నేను వారి పక్షం.

వేడుక ముగిశాక రెల్లు కాడలను పారేయకూడదు. జపానులో చాలాచోట్ల వాటిని చూరుకు కట్టి ఏడాదిపాటు రోగాలు రాకుండా కాపాడతాయని ఉంచుతారు. మీరూ గుమ్మానికి కట్టాలనుకుంటే వీధి వైపు కట్టండి, ఇంటి లోపల కాదు. మూడో రోజుకు కంకి పూర్తిగా విచ్చుకుని నూగు రాలడం మొదలవుతుంది, ఫ్యాన్ వేస్తే పప్పు గిన్నెలో కూడా తేలుతుంది.